గటక కుండకు దక్కని గౌరవం

మక్కలు ఎవరికోసం పండిస్తున్నారని అడిగితే కోళ్లకని చెప్పడానికి మన రైతు ఏమాత్రం తడుముకోడు. కరీంనగర్, వరంగల్, నిజామాబాద్ వైపు కోతల కాలంలో ఏ మార్కెట్ యార్డుకు పోయినా పసుపుపచ్చని రాశులు కనిపిస్తాయి. తూకం కాగానే లారీలు దాణా మిల్లుల దారి పడతాయి. కొన్ని స్టార్చి ఫ్యాక్టరీలకు పోతాయి, ఈ మధ్య కొన్ని ఇథనాల్ డిస్టిలరీలకూ పోతున్నాయి. మనిషి నోటికి అందేది వానాకాలంలో బండి మీద కాల్చిన కంకి, ముసురు పట్టిన సాయంత్రం మక్క గారెలు, సినిమా హాల్లో పాప్‌కార్న్, సూపర్ మార్కెట్ అరల్లో డబ్బాలో తేలే స్వీట్‌కార్న్. ఇదే నేల మీద మక్కలతో కాచే గటక కుండ పొయ్యి దిగకుండా కాలం వెళ్లదీసిన ఇళ్లు ఎన్నో ఉన్నాయని చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. పెద్దవాళ్లు నమ్ముతారు గానీ ఆ మాట నలుగురిలో ఎత్తొద్దంటారు.

రైతుకు ధర రావాలి, కోడికి దాణా కావాలి. ఆ వ్యాపారంతో నాకు పేచీ లేదు. నా ఫిర్యాదు వేరే ఉంది. గింజ దిగుబడి పెంచడానికి అరవై ఏళ్లకు పైగా ప్రభుత్వ సొమ్ము పోశాం. 1957లో దేశమంతటికీ కలిపి మక్క పరిశోధన పథకం మొదలైంది. 1961లో తొలి హైబ్రిడ్లు వచ్చాయి. వాటిలో ఒకదాని పేరు ‘దక్కన్’. మంచి పనే. కానీ ఆ గింజను మనిషి అరిగించుకోగలిగే తిండిగా, రేపటిదాకా చెడని తిండిగా, వానాకాలం గడిపే తిండిగా మార్చిన పనితనం ఒకటుంది. దాని మీద మనం పైసా పెట్టలేదు. పైగా దానికి ‘పాసి తిండి’ అని పేరు పెట్టి నవ్వాం.

గటక చేయడం దగ్గరుండి చూస్తే అది ఎంత లెక్కగల పనో తెలుస్తుంది. ఎండిన గింజల మీద కాసిన్ని నీళ్లు చిలకరించి, తడి లోపలికి దిగకముందే రోట్లో వేసి దంచుతారు. రోకలి పోటు గట్టిగా పడితే గింజ పగులుతుంది, మెత్తగా పడితే పొట్టు ఊడదు. పొట్టు ఊడిన గింజను చేటలో చెరిగి, విసుర్రాయిలో విసిరి, జల్లెడ పడతారు. పిండి వేరు, రవ్వ వేరు. కుండలో ఎసరు మసిలాక ముందు రవ్వ పోస్తారు. అది సగం ఉడికాక పిండి చల్లుతూ తెడ్డుతో తిప్పుతారు. పిండి ముందు పడిందంటే ఉండలు కడుతుంది, ఆలస్యమైతే రవ్వ అడుగంటుతుంది. వేడివేడిగా పచ్చిపులుసుతోనో తొక్కుతోనో తినేది ఒక పూట తిండి. అసలు విద్య రాత్రి మిగిలినదాంతో మొదలవుతుంది.

మిగిలిన గటకలో నీళ్లు పోసి, నిన్నటి పుల్లనీళ్లు ఒక గరిటె కలిపి మూత పెడతారు. తెల్లారేసరికి కుండ గోడ వెంట సన్నని నురగ చేరుతుంది, వాసన పెరుగు వైపు తిరుగుతుంది. చేత్తో పిసికి, ఉప్పు వేసి, మజ్జిగ పోసి, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తాగి పొలానికి పోతారు. ఎండాకాలంలో సగం రాత్రికే పులుస్తుంది కాబట్టి ఆలస్యంగా కలపాలి. చలికాలంలో కుండను పొయ్యిగడ్డ పక్కకు జరిపి గోనె కప్పాలి. నీళ్లు తీగలా సాగినా, వాసన పెరుగు వైపు కాక కుళ్లు వైపు పోయినా మొత్తం పారబోసి, కుండను ఎండలో బోర్లించి, పక్కింటి నుంచి గరిటెడు పుల్లనీళ్లు తెచ్చుకుని మళ్లీ మొదలుపెట్టాలి. ఈ నిర్ణయాలన్నీ ముక్కుతో, వేలితో జరిగేవి. రాసిపెట్టిన పుస్తకం ఏ ఇంట్లోనూ లేదు.

ఆ కుండలో ఏం జరుగుతుందో సైన్సు తేటగానే చెబుతుంది. గింజలోని పిండి పదార్థాన్ని, చక్కెరలను లాక్టిక్ బాక్టీరియా తిని ఆమ్లం వదులుతుంది. పులుపు ఎక్కేకొద్దీ పిహెచ్ 4 దాకా దిగుతుంది. 4.6 కన్నా కిందికి దిగితే బోట్యులిజం అనే ఆహార విషబాధ తెచ్చే సూక్ష్మజీవి పెరగలేదు. విరేచనాలు తెచ్చే చాలా క్రిములకూ ఆ పులుపు గిట్టదు. గింజలోని ఇనుము, జింకు మన ఒంటికి అందకుండా పట్టి ఉంచే ఫైటేట్ కూడా పులిసేటప్పుడు కొంత విరిగిపోతుంది. అంటే ఒక్క రాత్రిలో, కట్టె ఖర్చు లేకుండా, నిల్వ గుణమూ పోషకమూ రెండూ పెరుగుతాయి.

ఇప్పుడు సూపర్ మార్కెట్ డబ్బా సంగతి చూడండి. మక్కల్లో సహజంగా పులుపు లేదు. అందుకే వాటిని డబ్బాలో పెట్టి ఊరికే ఉడకబెడితే సరిపోదు. ఆవిరి ఒత్తిడిలో 116 నుంచి 121 డిగ్రీల దాకా వేడెక్కించాలి, లేదంటే బోట్యులిజం ప్రమాదం. దానికి మందపాటి యంత్రం, బాయిలర్, రేకు డబ్బా, దాన్ని మోసే లారీ కావాలి. రెండు పద్ధతులూ ఒకే శత్రువుతో పోరాడుతున్నాయి, ఒకటి వేడితో, రెండోది పులుపుతో. వేడితో పోరాడేదాన్ని పరిశ్రమ అన్నాం, రాయితీలు ఇచ్చాం. పులుపుతో పోరాడేదాన్ని బీదరికం అన్నాం.

డబ్బా పుట్టుక కథ తెలిస్తే ఈ అన్యాయం ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. సీసాలో ఆహారాన్ని మూతపెట్టి మరిగించి నిల్వ చేసే పద్ధతిని కనిపెట్టిన నికొలా అప్పేర్ ఫ్రాన్స్‌లో మిఠాయిలు చేసుకునే మనిషి. ఆయన ఏ విశ్వవిద్యాలయ పండితుడూ కాదు. తన పద్ధతి ఎందుకు పనిచేస్తుందో ఆయనకు తెలియదు, దాని కారణం కొన్ని దశాబ్దాల తర్వాత పాశ్చర్ వచ్చి చెప్పాల్సి వచ్చింది. అయినా ఫ్రెంచ్ ప్రభుత్వం 12,000 ఫ్రాంకుల బహుమతి ఇచ్చింది. ఒక్కటే షరతు పెట్టింది, పద్ధతిని అందరికీ తెలిసేలా రాసి అచ్చు వేయమంది. 1810లో ఆయన పుస్తకం వచ్చింది. చేతిలో విద్య ఉన్న మనిషిని కారణం చెప్పమని నిలదీయకుండా, ముందు డబ్బిచ్చి, ఆ విద్యను రాయించుకున్నారు. మన దగ్గర గటక పులియబెట్టే ఆడమనిషికి ఇలాంటి షరతు పెట్టిన సర్కారు ఒక్కటైనా ఉందా?

ఉండకపోగా, ఎదురు ఆమెకే పాఠం చెబుతాం. ఒక మండల కేంద్రంలో మహిళా సంఘాల వాళ్లకు ఆహార నిల్వ మీద శిక్షణ పెడితే నేనూ వెళ్లి కూర్చున్నాను. టమాట సాస్, నిమ్మ స్క్వాష్, మిక్స్‌డ్ ఫ్రూట్ జామ్ నేర్పించారు. కెఎంఎస్ అనే తెల్లపొడి ఎంత వేయాలో బోర్డు మీద రాశారు. ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దామె, ‘సారూ, మా గటక కలి గురించి చెప్పుర్రి, అది ఎక్కువ దినాలు ఉండేటట్టు చేయొచ్చా?’ అని అడిగింది. శిక్షకుడు నవ్వి, ‘అమ్మా, అది పాత పద్ధతి, హైజీన్ ఉండదు, మార్కెట్లో పోదు’ అన్నాడు. ఆమె ఊరుకోలేదు. ‘మీ సీసల పుర్గు వడకుంట మందు పోస్తున్నరు గద సారూ, మా కుండల పుర్గు వడకుంట పులుపే చూసుకుంటది’ అంది. హాలంతా నవ్వింది. ఆ నవ్వులో పిహెచ్ గురించిన పాఠం మొత్తం ఉంది. శిక్షకుడు మాత్రం తర్వాతి స్లైడుకు వెళ్లిపోయాడు. సాయంత్రం ఆమెకు జామ్ తయారీలో సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ ఊళ్లో జామ్ తినేవాళ్లు ఎవరూ లేరు.

పనితనం వదిలేసి గింజను మాత్రం తీసుకుపోతే ఏమవుతుందో మక్క చరిత్రే చెబుతుంది. మెక్సికోలో వేల ఏళ్లుగా మక్కలను సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, కడిగి, రుబ్బి రొట్టెలు చేస్తారు. ఆ సున్నమే గింజలో బిగుసుకున్న నియాసిన్ విటమిన్‌ను విడిపిస్తుంది. ఐరోపా వాళ్లు గింజను ఓడల్లో తీసుకుపోయారు, సున్నపు నీళ్ల సంగతి పట్టించుకోలేదు. మక్క తప్ప వేరే తిండి లేని బీదవాళ్లకు పెల్లాగ్రా పట్టింది. చర్మం పగిలి, విరేచనాలై, మతి చెడి చచ్చిపోయారు. 1735లో స్పెయిన్‌లో గాస్పర్ కసల్ ఆ రోగాన్ని వర్ణించాడు. 20వ శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో లక్షలమందికి అదే రోగం. అది అంటురోగం కాదు, తిండి లోపం అని జోసెఫ్ గోల్డ్‌బర్గర్ తేల్చి చెప్పాల్సి వచ్చింది. మెక్సికో పల్లె వంటింట్లో ఆడవాళ్లు రోజూ చేసే పనిని ఎవరైనా గౌరవంగా అడిగి రాసుకుని ఉంటే ఇన్ని చావులు ఉండేవి కావు.

ఈ పాఠంలో మన హైదరాబాదుకూ భాగముంది. దక్కన్‌లో జొన్నలు తినే బీదవాళ్లలో పెల్లాగ్రా ఎందుకు వస్తుందన్న ప్రశ్న వెంట పడినవాళ్లు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే. జొన్నల్లో ఎక్కువగా ఉండే లూసిన్ మీద అనుమానం వ్యక్తం చేస్తూ సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో వ్యాసం రాశారు. 1974 చివర్లో గుజరాత్, రాజస్థాన్ సరిహద్దు పల్లెల్లో వందమందికి పైగా కామెర్లతో చనిపోతే వెళ్లి కారణం తేల్చింది కూడా ఆ సంస్థవాళ్లే. అకాల వానలకు తడిసి బూజు పట్టిన మక్కలు తిన్న గిరిజనులు వాళ్లు. బూజు వదిలిన అఫ్లాటాక్సిన్ వాళ్ల కాలేయాలను తినేసింది. ఆరబెట్టడం ఎంత ప్రాణాధారమైన పనో అంతకన్నా చెప్పేదేముంటుంది? అయినా ఇవాళ్టికీ మన రైతులు మక్కలను రోడ్ల మీదే ఆరబోస్తున్నారు, మబ్బు పడితే తార్పాలిన్ పట్టుకుని పరుగెడుతున్నారు. పాత ఇళ్లలో కంకులను డొప్పలతోనే జంటలుగా ముడేసి పొయ్యి పైన దూలానికి వేలాడదీసేవాళ్లు. పొగ తగిలి పురుగు పట్టేది కాదు, తడి చేరేది కాదు, మరుసటి ఏడాదికి విత్తనం సిద్ధం. పుల్లటి కుండ బూజు విషాన్ని విరిచేస్తుందని నేను అనను, దాన్ని నమ్ముకుని బూజు గింజ వాడడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఆ సంగతి మన ముసలమ్మలకు తెలుసు కాబట్టే దంచేముందు గింజను చేటలో పోసి నల్లబడ్డవాటిని ఒక్కొక్కటే ఏరేవాళ్లు.

అంత గొప్ప సంస్థ మన ఊళ్లో ఉండి కూడా మన కుండ లెక్కలోకి రాలేదు. 2017లో ఆ సంస్థ విడుదల చేసిన భారతీయ ఆహార పోషక పట్టికల్లో 528 ఆహారాలున్నాయి. ఎంతో విలువైన పని అది. కానీ ప్రధానంగా పచ్చి దినుసుల పట్టిక. ఎండిన మక్కలున్నాయి, లేత స్వీట్‌కార్న్ ఉంది. ఒక రాత్రి పులిసిన గటకకు అక్కడ గడి లేదు. మనం తినేది గింజను కాదు, తిండిని. ఆ తిండి మీద అంకెలు లేకపోతే డైటీషియన్ రాయదు, డాక్టర్ చెప్పడు, బడి మెనూలో చేరదు. ఎవరూ తినరు కాబట్టి కొలవరు, కొలవరు కాబట్టి ఎవరూ తినమనరు.

వేరే దేశాలు ఈ చుట్టు తెంచుకున్నాయి. పశ్చిమ ఆఫ్రికాలో మక్కలు నానబెట్టి, రుబ్బి, పులియబెట్టి చేసే ‘ఓగి’ నైజీరియాలో చంటిపిల్లలకు తొలి తిండి. ఘానాలో పులిసిన మక్క ముద్దను కంకి డొప్పల్లో చుట్టి ఉడికించిన ‘కెంకే’ వీధివీధినా అమ్ముతారు, చేపల వేపుడుతో ఆఫీసర్లూ తింటారు. దక్షిణాఫ్రికాలో పుల్లటి మక్క జావ ‘మహేవు’ డబ్బాల్లో దొరుకుతుంది. కొరియా వాళ్లు కిమ్చీ కోసం 2010లో ప్రత్యేకంగా పరిశోధన సంస్థ పెట్టుకున్నారు. 2013లో కిమ్చీ పెట్టే సామూహిక ఆచారానికి యునెస్కో గుర్తింపు వచ్చింది. మెక్సికో సంప్రదాయ వంటకు ఆ గౌరవం 2010లోనే దక్కింది. పక్కనే ఒడిశా వాళ్లు మార్చి 20న పఖాళ దినం అని ఊరంతా చెప్పుకుని నీళ్లన్నం తింటారు. కోస్తాలో తరవాణి కుండ, తెలంగాణలో అంబలి కుండ ఉన్న మనకు ఒక్క దినమూ లేదు, ఒక్క పరిశోధన గదీ లేదు. కొరియా కిమ్చీ సీసాను మాత్రం మాల్‌లో వందలు పెట్టి కొంటాం, కడుపుకు మంచిదని పిల్లలకు చెబుతాం.

మార్కెట్లో నిలబడితే అదే గౌరవం తెచ్చుకుంటుందిలే అనేవాళ్లకు ఒక మాట. 2020లో కేంద్రం చిన్న ఆహార యూనిట్లకు 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ ఇచ్చే పథకం తెచ్చింది. పచ్చళ్లకు, పొడులకు, వడియాలకు అది పనికొస్తుంది. ఆవకాయ, చింతకాయ తొక్కు, చల్ల మిరపకాయలు, గోరుచిక్కుడు ఒరుగులు జాడీలోనో కవర్లోనో పడి ఊళ్లు దాటుతాయి, అమెరికాలో ఉన్న కొడుకు సూట్‌కేసులోనూ పడతాయి. పుల్లటి అంబలికి ఆ భాగ్యం లేదు. అది ప్రాణమున్న తిండి. ప్యాకెట్లో పెడితే గ్యాసు పట్టి ఉబ్బుతుంది, వేడి చేసి ఆపితే ప్రాణం పోతుంది. ప్యాకెట్‌కు లొంగనిదాన్ని మార్కెట్ కాపాడదు. పదిమందికి వండి పెట్టే చోట, అంటే బళ్లో, అంగన్‌వాడీలో, హాస్టల్లో దాన్ని కాపాడాలి.

అక్కడ కూడా మనం సగం దూరమే పోయాం. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో బెల్లంతో రాగి జావ ఇవ్వడం మొదలుపెట్టారు. సంతోషం. రాగులు తిరిగొచ్చాయి గానీ కుండ తిరిగి రాలేదు. అదే పిండిని ముందురోజు రాత్రి కలిపి ఉంచి, పొద్దున కాస్తే పిల్లల ఒంటికి ఇనుము ఇంకొంత ఎక్కువ అందే వీలుంది. అదనపు ఖర్చు లేదు. కావలసింది శుభ్రమైన నీళ్లు, మూత ఉన్న పాత్ర, పులుపు ఎప్పుడు సరిపోయిందో చెప్పగల ఒక మనిషి. ఆ మనిషి ప్రతి ఊళ్లోనూ ఉంది. ఆమె వయసు డెబ్భై దాటింది, ఆమెను ఎవరూ పిలవడం లేదు.

అమెరికాలో మక్క పండించిన హిడాట్సా తెగలో అలాంటి ఒక పెద్దామె ఉండేది. పచ్చి కంకులను సగం ఉడికించి ఎండబెట్టడం, గుమ్మడి ముక్కలు కోసి దారానికి గుచ్చి ఆరబెట్టడం, నేలలో పాతర తవ్వి గడ్డి పరిచి గింజ దాచడం అన్నీ ఆమె చెప్పగా గిల్బర్ట్ విల్సన్ అనే ఆయన రాసుకున్నాడు. 1917లో పుస్తకం వచ్చింది, ఆయనకు డాక్టరేట్ వచ్చింది. పుస్తకం పేరులో తెగ పేరుంది గానీ ఆమె పేరు లేదు. 1987లో మళ్లీ అచ్చు వేసినప్పుడు మాత్రం ‘బఫెలో బర్డ్ ఉమన్ తోట’ అని ఆమె పేరే పుస్తకానికి పెట్టారు. డెబ్భై ఏళ్లు పట్టింది. జొన్నల పాతరలు మనకూ ఉండేవి. వాటి సంగతి చెప్పగల ఆడవాళ్లు మనకూ ఉన్నారు. రాసుకునేవాళ్లే కరువు.

కాబట్టి అడిగేది పెద్దగా ఏమీ లేదు. రెండు తెలుగు రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాలు తమ హోంసైన్స్ విద్యార్థులను ఒక్క ఏడాది జామ్ నుంచి తప్పించి గటక, అంబలి, తరవాణి, ఒరుగుల మీదికి పంపాలి. జిల్లాజిల్లాకు తేడా రాసుకోవాలి, ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ పేరుతో సహా అచ్చు వేయాలి. పోషకాహార సంస్థ పులిసిన తిండికి తన పట్టికలో గడి తెరవాలి. మహిళా సంఘాల శిక్షణల్లో ఆ ముసలమ్మలను ముందు వరుసలోంచి లేపి బోర్డు దగ్గర నిలబెట్టాలి. శిక్షకుడికి ఇచ్చే రోజుకూలి ఆమెకూ ఇవ్వాలి.

చదివే మీకూ ఒక పని. ఎండలు ముదరగానే మన ఊళ్లలో అంబలి కేంద్రాలు తెరుస్తారు. ఫ్లెక్సీ మీద దాత ఫొటో, నాయకుడి ఫొటో, ప్రారంభించినాయన పేరు ఉంటాయి. వెనక కుండ దగ్గర తెల్లవారుజాము నుంచి నిలబడ్డ ఆమె పేరు ఎక్కడా ఉండదు. ఈసారి మీ ఊళ్లో అంబలి తాగితే ఆమె పేరు అడిగి తెలుసుకోండి. ఫ్లెక్సీ వేయించేది మీరే అయితే ఆ పేరు రాయించండి. దాత పేరు కింద కాదు, పైన.